కొన్న సీసా, తిరుగు దారి

పెండ్లివారి ఇంట విందు ముగిసిన మరునాడు మిగిలిన సామాను లెక్క చూచుట మనకు పరిపాటి. మూతి కుట్టు విప్పని బియ్యపు బస్తాను షావుకారు మరల తీసికొనును. మడత చెదరని చీరను బట్టల అంగడివారు మార్చి ఇత్తురు. విస్తరాకుల కట్టలు, కొబ్బరికాయలు సైతము ముందుగా మాట అనుకొన్నచో వెనుకకు పోవును. అమ్మినవాడు తిరిగి పుచ్చుకొనుటలో వింత ఏమియు లేదు. నేడు చిన్నబుచ్చుకొని పోయినవాడు రేపు మరల తన గడప త్రొక్కడని వర్తకుడు ఎరుగును.

మద్యము అమ్ము అంగడిలో మాత్రము ఈ మర్యాద అన్ని చోట్ల చెల్లదు. సీలు ఊడని సీసాను, నిన్నటి రసీదుతో సహా తీసికొనిపోయినను, అనేక ప్రదేశములలో అంగడివాడు చేయి అడ్డము పెట్టును. మరికొన్ని ప్రదేశములలో మారు మాటాడక సొమ్ము వాపసు చేయును. ఇంతకంటె వింత మరియొకటి కలదు. నిండు సీసాను వెనుకకు పుచ్చుకొనని అంగడియే ఖాళీ సీసాను అందుకొని, పది రూపాయలు చేతిలో పెట్టు ఊళ్ళు మన పొరుగుననే ఉన్నవి. నిండుదానికి మూసిన తలుపు వట్టిదానికి ఎట్లు తెరచుకొనినది?

ఇది త్రాగువారి గొడవయే గాని మనకేల అని కొందరు అనుకొనవచ్చును. ఆ సీసాతో ఏ సంబంధమును లేనివారికి కూడ అది తిరిగి పోవు దారితో సంబంధము కలదని చెప్పుటయే మా ఉద్దేశము. ఆ దారిని సరిగా కాపాడని చోట కొందరి కన్నులు పోయినవి, ప్రాణములు పోయినవి. ఆ దారి లేనే లేని చోట కొండదారిని నడచు ఏనుగు అరికాలిలో గాజుపెంకు దిగినది. కావున ఈ విషయమును కొంచెము ఓపికతో విచారింపవలసి యున్నది.

ముందుగా సాధారణమైన ధర్మమేమో చూతము. ఒక వస్తువును వెల ఇచ్చి కొన్న పిమ్మట అది కొన్నవాని సొత్తు. నాకు నచ్చలేదు, నాకు మిగిలిపోయినది అన్న కారణము చేత అమ్మినవాడు దానిని తిరిగి పుచ్చుకొని తీరవలెనని మన చట్టము శాసింపదు. పుచ్చుకొన్నచో అది వాని మంచితనము, లేదా వ్యాపారపు ఒడుపు. వస్తువు చెడినదైనప్పుడు మాట వేరు. అమ్మినది తగిన నాణ్యము కలిగి యుండవలెనను నియమము 1930 నాటి వస్తు విక్రయ చట్టములో ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము లోపమున్న వస్తువును కొన్నవానికి ఫిర్యాదు చేసికొను మార్గము చూపినది. మనసు మారి తిరిగి ఇచ్చుట యొకటి, లోపము కనబడి తిరిగి ఇచ్చుట యొకటి. అంగడి ముందు జరుగు తగవులలో సగము ఈ రెంటిని కలిపివేయుట వలననే పుట్టును.

ఆ 1930 నాటి చట్టములోనే 24వ సెక్షను మరియొక పద్ధతిని గుర్తించినది. నచ్చినచో ఉంచుకొనుము, లేనిచో తిరిగి పంపుము అను ఒడంబడికపై సరుకు ఇచ్చుట అది. అట్లు తెచ్చుకొన్న సరుకు తెచ్చుకొన్నంత మాత్రమున మన సొత్తు కాదు. ఒప్పుకొన్నామని చెప్పినప్పుడో, వాడుకలోనికి దించినప్పుడో, గడువు దాటినను మారు మాట చెప్పక ఉంచుకొన్నప్పుడో అది మనదగును. గడువు పెట్టుకొననిచో న్యాయమనిపించునంత కాలమే గడువు. మన చట్టమునకు మూలమైన ఇంగ్లీషు చట్టములో కూడ ఈ ఏర్పాటు కలదు.

ఈ ఏర్పాటును మద్యపు వ్యాపారములో నిండుగా వాడుకొనువారు ఇంగ్లండులోని పెండ్లివారు. అచ్చట విందునకు ఎందరు వత్తురో, ఎంత త్రాగుదురో ముందుగా తెలియదు. కావున కొందరు వర్తకులు అంచనాకు మించి సీసాలు ఇచ్చి, విందు ముగిసిన తరువాత మిగిలినవానిని తిరిగి పుచ్చుకొందురు. దానికి నియమములు ఉండును. సీలు కదలరాదు, పైచీటీ తడిసి ఊడరాదు, పెట్టె చిరుగరాదు. మంచుగడ్డల తొట్టిలో చల్లబరచుటకు ముంచిన సీసా చీటీ జారి, త్రాగకున్నను మిగులు లెక్కలోనికి రాదు. ఈ చిన్న సంగతి తెలియక నష్టపోవువారు ఉందురు. అనుభవజ్ఞులు కావలసినన్ని సీసాలనే చల్లటి నీట ఉంచి, తక్కినవానిని పెట్టెలలోనే పొడిగా ఉంచుదురు.

ఇట్లు తిరిగి పుచ్చుకొనుట సాధ్యమే అయినప్పుడు తక్కినచోట్ల ఇంత బిగువు ఎందుకు? దీనికి మూడు కారణములు కనబడుచున్నవి. మొదటిది సరుకు స్వభావము, రెండవది సీసాను గూర్చిన భయము, మూడవది వర్తకపు చరిత్ర.

సరుకు స్వభావమును చూతము. మూత బిగించిన సీసా లోపల ఏమియు మారదని మనము అనుకొందుము. విస్కీ, బ్రాందీ వంటి గాఢమైన మద్యముల విషయములో ఇది చాలవరకు నిజమే. సీలు చెదరనిచో ఏండ్ల తరబడి అవి పెద్దగా మారవు. బీరు సంగతి అట్లు కాదు. దానికి చేదు రుచినిచ్చు హాప్సు పువ్వులలోని పదార్థములపై వెలుతురు పడినప్పుడు అవి విరిగి గంధకముతో కూడిన ఒక దుర్గంధ పదార్థము ఏర్పడును. అందుకే చాల బీరు సీసాలు గోధుమరంగు గాజుతో చేయబడినవి. ఆ రంగు హానిచేయు కిరణములను చాలవరకు ఆపును. ఆకుపచ్చ గాజు, తెల్లగాజు అంతగా ఆపలేవు. ద్రాక్షతో చేసిన వైను వేడికి ఓర్వలేదు. ఎండలో నిలిపిన కారులో ఒక మధ్యాహ్నము ఉంచిన వైను పైకి ఎట్లున్నను లోపల ఉడికినట్లు రుచి మారిపోవచ్చును.

ఇక్కడనే అంగడివాని చిక్కు ఉన్నది. బియ్యము చెడినచో గుప్పెట పోసి చూడవచ్చును. చీర మరకపడినచో విప్పి చూడవచ్చును. సీసాను తెరచి చూచినచో అది ఇక సరుకే కాదు. మూడు వారములు ఆ సీసా మేడ మీది ఎండలో ఉన్నదో, చీకటి గదిలో ఉన్నదో చెప్పగలవాడు తెచ్చినవాడు ఒక్కడే. వాని మాట నమ్మి అలమరలో పెట్టినచో, రేపు దానిని కొన్న మరియొకనికి జవాబు చెప్పవలసినవాడు అంగడివాడు.

దీనికి తలక్రిందులైన సంగతి కూడ ఒకటి ఉన్నది. తెరచిన సీసాను న్యాయముగా తిరిగి ఇవ్వదగిన సందర్భము అది. బెండు బిరడాతో మూసిన వైనులో అప్పుడప్పుడు తడిసిన అట్టపెట్టె వాసన, బూజు పట్టిన నేలమాళిగ వాసన వచ్చును. దీనికి ముఖ్య కారణము బెండులో ఏర్పడు ట్రైక్లోరో అనిసోలు అను పదార్థము. అది లీటరులో గ్రాములో నూరు కోట్లవ వంతులు కొన్ని ఉన్నను చాలును, ముక్కు పసిగట్టును. ఆరోగ్యమునకు హాని లేకున్నను త్రాగుటకు పనికిరాదు. ఈ లోపము తెరచిన తరువాతనే బయటపడును గనుక, మంచి వర్తకులు తెరచిన సీసాను సైతము తీసికొని వేరొకటి ఇత్తురు. కాని సీసా ఇంచుమించు నిండుగా ఉండవలెను. అడుగంట త్రాగి వాసన వచ్చినదని చెప్పువానిని ఎవరు నమ్ముదురు? బ్రిటనులో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టము లోపమున్న వస్తువును 30 దినములలోగా తిరస్కరించి సొమ్ము రాబట్టుకొను హక్కునిచ్చినది. సీసాకు కూడ ఆ హక్కు వర్తించును.

రెండవ కారణము మొదటిదానికంటె గంభీరమైనది. సీసా పైచీటీ ఒక వాగ్దానము. లోపలి ద్రవము ఫలానా చోట, ఫలానా విధమున తయారైనదని అది చెప్పును. ఆ సీసాను ఒకడు నేర్పుగా తెరచి, వేరొక ద్రవము నింపి, మూత బిగించి తెచ్చినచో ఆ వాగ్దానము విషమునకు తెరయగును. కల్తీదారులు వాడు పదార్థములలో భయంకరమైనది మిథైలు ఆల్కహాలు. రంగులోగాని రుచిలోగాని దానిని త్రాగుడు ఆల్కహాలు నుండి గుర్తించుట సామాన్యునకు సాధ్యము కాదు. లోనికి పోయిన తరువాత కాలేయము దానిని ఫార్మిక్ ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము కంటినరమును దెబ్బతీయును. రక్తమును పులియబెట్టి ప్రాణము తీయును. కన్నులు మసకబారినవని చెప్పునప్పటికే ఆలస్యము జరిగిపోయి యుండును. 2024 జూనులో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో మిథైలు ఆల్కహాలు కలిసిన సారాయి త్రాగి అరువదిమందికి పైగా మరణించిరి. అది సీసాలో అమ్మిన సరుకు కాకున్నను, ఆ పదార్థము చేయగల కీడు ఎంతటిదో దానివలన తెలియును.

ఈ భయము అమెరికాలో చట్టముగా మారిన తీరు తెలిసికొనదగినది. 1920 జనవరి 17వ తేదీన ఆ దేశమున మద్యనిషేధము అమలులోనికి వచ్చినది. పరిశ్రమలకై తయారైన ఆల్కహాలులో త్రాగరాకుండ విషములు కలుపుచుండిరి. దొంగవ్యాపారులు ఆ ఆల్కహాలునే తెచ్చి, పైపైన శుద్ధిచేసి, పేరుపొందిన సీసాలలో నింపి అమ్మిరి. అనేకులు చనిపోయిరి. 1933 డిసెంబరు 5వ తేదీన నిషేధము తొలగినది గాని దొంగసరుకు వెంటనే తొలగలేదు. నిజమైన పాత సీసా దొరికినచో దొంగసరుకు సగము నిజమైనట్లే. అందుచేత 1935 మొదలు 1964 వరకు అచ్చట అమ్మిన గాఢమద్యపు సీసాలన్నిటి గాజుపైననే, ఈ సీసాను మరల అమ్ముటగాని వాడుటగాని కేంద్ర చట్టము నిషేధించుచున్నదని అక్షరములు పోత పోయించిరి. పాత సామానుల అంగడులలో ఆ అక్షరములున్న సీసాలు నేటికిని కనబడుచుండును. అక్షరములు పోయినను, అట్టి సీసాలను తిరిగి నింపరాదను నియమము మాత్రము నిలిచియున్నది.

మన రాష్ట్రములలో సీసా మూతపై అతికించు ఎక్సైజు వారి హాలోగ్రాము చీటీ కూడ ఈ వంశమునకు చెందినదే. సుంకము చెల్లినదని చెప్పుటతో పాటు, మూత ఇంతవరకు తెరువబడలేదని అది సాక్ష్యమిచ్చును. సీసా అంగడి దాటి వెళ్ళి తిరిగి వచ్చినచో ఆ సాక్ష్యమును మరల ఎవరు పరీక్షింపగలరు? మన వైపు నిండు సీసాను తిరిగి పుచ్చుకొను ఆచారము సాధారణముగా కనబడకపోవుటను ఈ దృష్టితో చూచినచో అది వట్టి మొండితనముగా తోపదు.

మూడవ కారణము వర్తకపు చరిత్ర. దీనికి కూడ అమెరికాయే మంచి ఉదాహరణము. నిషేధమునకు ముందు ఆ దేశములో బీరు తయారుచేయు కంపెనీలు త్రాగుడు అంగడులను తమ గుప్పిట పెట్టుకొని యుండెను. అంగడికి లైసెన్సు రుసుము, బల్లలు, అద్దములు కంపెనీ సమకూర్చును. అందుకు బదులుగా అంగడివాడు ఆ కంపెనీ బీరునే అమ్మవలెను. అప్పు తీరదు, అంగడి తనది కాదు. అమ్మకము పెంచుటకై ఎవనికైనను, ఎంతైనను పోయవలెను. కట్టుబడిన అంగడులని వీనికి పేరు. నిషేధమును కోరి ఉద్యమించినవారి ఆగ్రహమునకు ఈ అంగడులు ముఖ్య కారణము.

నిషేధము తొలగిన పిమ్మట ఆ కట్టును మరల పడనీయరాదని చట్టకర్తలు సంకల్పించిరి. తయారుచేయువాడు, టోకు వర్తకుడు, చిల్లర వర్తకుడు అను మూడు అంతస్తులను వేరు చేయు పద్ధతిని చాల రాష్ట్రములు చేపట్టినవి. 1935లో చేసిన కేంద్ర చట్టము, తిరిగి ఇచ్చు హక్కుతో చిల్లర వర్తకునికి సరుకు అమ్మరాదని శాసించినది. తిరిగి పుచ్చుకొందునని చెప్పుట ఉపకారముగా కనబడును గదా, దానిని నిషేధించుట ఎందుకని సందేహము కలుగవచ్చును. పెద్ద కంపెనీ చిన్న అంగడి నిండ తన సరుకునే దింపి, అమ్ముడుపోనిది నేనే పట్టుకొనిపోయెదను, నీకేమి నష్టమని చెప్పినచో, రెండవ కంపెనీ సీసాకు అలమరలో చోటు మిగులదు. అంగడివాడు వర్తకుడు కాక ఆ కంపెనీ గుమాస్తా అగును. ఉపకారపు రూపములో పాత కట్టు మరల బిగియును.

కావున అచ్చటి నియమముల ప్రకారము చిల్లర వర్తకుడు టోకు వర్తకునికి సరుకు తిరిగి ఇచ్చుటకు తగిన వ్యాపార కారణము ఉండవలెను. సరుకు చెడిపోయినచో ఇవ్వవచ్చును. పొరపాటున వేరొకటి వచ్చినచో ఇవ్వవచ్చును. అంగడి మూసివేయుచున్నచో ఇవ్వవచ్చును. ఎక్కువ తెప్పించుకొన్నాను, అమ్ముడుపోవుట లేదు అన్న కారణము మాత్రము చెల్లదు. పండుగ దాటిపోయినదన్న కారణమును చెల్లదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున ఉత్సవములు, విందులు రద్దయినప్పుడు, వానికై తెప్పించిన సరుకును తిరిగి ఇచ్చుటను తప్పుగా పరిగణింపబోమని ఆ దేశపు మద్య సుంకముల శాఖ ప్రత్యేకముగా ప్రకటింపవలసి వచ్చినది. ఆ నియమము ఎంత గట్టిదో దీనివలన తెలియును.

ఈ చట్టము వర్తకుల మధ్య వ్యవహారమును గూర్చినదే గాని, ఇంటికి కొనుక్కొనిపోవు గృహస్థును గూర్చినది కాదు. అతని విషయమున రాష్ట్రమునకొక నియమము, అంగడికొక ఆచారము ఉండును. అయినను పైవాని కట్టు క్రిందివానికి తగులక మానదు. మీరు మిగిలిన పెట్టెను తెచ్చి ఇచ్చినారు. అంగడివాడు సొమ్ము ఇచ్చినాడు. ఆ పెట్టె అమ్ముడుపోనిచో దానిని అతడు పైకి పంపలేడు. మీ విందులో మిగిలినది అతని అలమరలో మిగులును. సరే, మర్యాదకు పోయి ఆ నష్టమును భరించువారు కొందరు. భరింపలేక గోడపై నియమము వ్రాసి పెట్టుకొన్నవారు మరికొందరు. చట్టము ఒప్పదని అంగడివాడు చెప్పినప్పుడు అది నిజముగా చట్టమో, అతని ఆచారమో అడిగి తెలిసికొనుట మంచిది.

ప్రభుత్వమే అంగడి నడపుచోట ఈ చిక్కు కొంత సడలును. కెనడాలోని ఒంటారియో రాష్ట్రములో 1927లో ఏర్పడిన ప్రభుత్వ మద్య సంస్థ, అమ్మదగిన స్థితిలో ఉన్న సీసాను రసీదుతో 30 దినములలోగా తెచ్చినచో తిరిగి పుచ్చుకొను పద్ధతి పెట్టుకొనినది. కొనునదియు, అమ్మునదియు పెద్ద సంస్థ ఒక్కటే అయినప్పుడు ఒక సీసా ఒక అంగడిలో నిలిచినను దానికి ముప్పులేదు. చిన్న వర్తకుడు జంకు చోట పెద్ద సంస్థ ఉదారముగా ఉండగలదు. ఉదారత కూడ కొంతవరకు మూలధనము చూపు గుణమే అనిపించును.

ఇక ఖాళీ సీసా సంగతికి వత్తము. ఇది మనకు క్రొత్త విద్య కాదు. గోలీసోడా త్రాగినవాడెవ్వడును సీసాను చంకన పెట్టుకొని ఇంటికి పోలేదు. అంగడి ముందు నిలిచి, గోలీని లోనికి నొక్కించుకొని, త్రాగి, సీసాను అచ్చటనే ఇచ్చి పోవలెను. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో హక్కు పొందిన ఆ సీసాలో సోడాకంటె గాజు విలువ ఎక్కువ. అందుచేత దాని తిరుగు దారి అంగడి గుమ్మము దాటలేదు. మన వీధులలో పాత సీసాలు కొందుమని కేక వేసికొనుచు తిరుగు మనిషి కూడ ఈ దారి కాపరియే. గాజు చవుకయై, సీసాను తిరిగి కడుగుటకంటె క్రొత్తది పోయుటయే సులభమైన తరువాత ఈ దారి మూసికొనిపోయినది. సీసా అంగడికి గాక బాట ప్రక్కకు పోయినది.

దానిని మరల తెరచుటకు కనుగొన్న ఉపాయము చాల చిన్నది. కొనునప్పుడు కొంత సొమ్ము అదనముగా పుచ్చుకొనుట, సీసా తిరిగి ఇచ్చినప్పుడు ఆ సొమ్ము తిరిగి ఇచ్చుట. అమెరికాలోని ఆరిగాను రాష్ట్రము 1971లో బీరు, చల్లని పానీయముల సీసాలకు, డబ్బాలకు ఐదు సెంట్ల పూచీ పెట్టుచు చట్టము చేసినది. ఆ దేశములో అట్టి చట్టములలో అది మొదటిది. ఐదు సెంట్లకు కాలక్రమమున విలువ తగ్గి, ఎవరును వంగి సీసాను ఏరుటకు ఇష్టపడకపోవుటచే 2017లో దానిని పది సెంట్లు చేసిరి. స్వీడను 1984లో అల్యూమినియము డబ్బాలకు, జర్మనీ 2003లో ఒకసారి వాడి పారవేయు సీసాలకు, డబ్బాలకు ఇట్టి పద్ధతి పెట్టినవి. ఒంటారియోలో 2007 ఫిబ్రవరి నుండి వైను, గాఢమద్యపు సీసాలకు కూడ పరిమాణమును బట్టి పది సెంట్లు, ఇరువది సెంట్లు పూచీ ఏర్పడినది.

మన దేశములో ఈ పద్ధతికి దారి చూపినది నీలగిరి. ఊటీ, కూనూరు, కోటగిరి, గూడలూరు ప్రాంతములకు వచ్చు యాత్రికులు కొండ మలుపులలో కారు ఆపి త్రాగి, సీసాను లోయలోనికి విసరుట వాడుకయైనది. రాతికి తగిలి పగిలిన గాజు గడ్డిలో దాగును. ఆ గడ్డిలోనే అడవి జంతువులు నడచును, పల్లె పశువులు మేయును, తేయాకు తోట కూలీలు నడచును. ఏనుగు అరికాలు చూచుటకు మొద్దుగా ఉన్నను లోపల మెత్తని దిండు వంటిది. మూడు నాలుగు టన్నుల భారము ఆ పాదములపై నిలుచును. గాజుపెంకు దిగిన పాదముతో ఏనుగు కుంటుచు మేతకు, నీటికి పోలేదు. పుండు చీము పట్టును. అడవిలో దానికి కట్టు కట్టువాడెవడు? త్రాగినవాడు రెండు దినములలో తన ఊరికి పోవును. ఆ గాజు మాత్రము తరములు గడచినను కుళ్ళదు.

నీలగిరిలో ప్లాస్టికు చెత్త, ఖాళీ సీసాల సమస్యను విచారించుచున్న మద్రాసు హైకోర్టు ఆదేశములను అనుసరించి, 2022 మే నెలలో ఆ జిల్లాలోని ప్రభుత్వ మద్యపు అంగడులలో ఒక ఏర్పాటు వచ్చినది. తమిళనాడులో చిల్లర మద్యవ్యాపారము 2003 నుండి ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉన్నది గనుక ఇది సులభమైనది. సీసాకు పది రూపాయలు అదనముగా పుచ్చుకొందురు. గుర్తుచీటీ ఉన్న ఖాళీ సీసాను తెచ్చి ఇచ్చినచో పది రూపాయలు తిరిగి ఇత్తురు. పిమ్మట ఈ ఏర్పాటు ఇతర కొండప్రాంతములకు, జిల్లాలకు వ్యాపించినది. 2025 సెప్టెంబరులో కేరళ ప్రభుత్వ సంస్థ తిరువనంతపురము, కన్నూరు జిల్లాలలోని కొన్ని అంగడులలో ఇరువది రూపాయల పూచీతో ఇట్టి ప్రయత్నమునే మొదలుపెట్టినది.

ఈ పది రూపాయల నేర్పు గమనింపదగినది. పారవేయవద్దని బోర్డు కట్టినచో చదువువారు తక్కువ. జరిమానా వేయుదమన్నచో కొండ మలుపు మలుపునకు ఒక బంట్రోతును నిలుపవలెను. పది రూపాయలు మాత్రము ఎవరి కాపలా లేకయే పని చేయును. త్రాగినవాడు అలక్ష్యముతో విసరినను, ఆ దారిన పోవు బీదవాడు దానిని తీసి అంగడికి చేర్చును. ఒకని అలక్ష్యము మరియొకనికి కూలి అగును; ఏనుగు దారి శుభ్రమగును.

అయితే కష్టము లేని సదుపాయము ఉండదు. సీసాలను లెక్కించి, చీటీ చూచి, సొమ్ము ఇచ్చి, సంచులలో నింపి ఉంచువాడు అంగడి ఉద్యోగి. ఇరుకైన అంగడిలో నిండు సీసాలకే చోటు చాలదు. అందులో కంపు కొట్టు ఖాళీ సీసాల గుట్టలు. తమపై పడిన ఈ పనికి వేరుగా మనుషులు, వేరుగా చోటు కావలెనని ఉద్యోగులు మొరపెట్టుకొనుట అన్యాయము కాదు. తిరుగు దారిని తెరచినవారు ఆ దారిలో నిలిచి పని చేయువానిని మరచినచో దారి మరల మూసికొనును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరకినదని తలంతుము. ఖాళీ సీసా ఏమియు దాచలేదు. దానిని చూచి, లెక్కించి పుచ్చుకొనవచ్చును. తెచ్చినవాడు ఎవడని అడుగ పనిలేదు. నిండు సీసాలో మరియొకడు త్రాగవలసినది ఉన్నది. దాని యోగక్షేమములకు తెచ్చినవాని మాట తప్ప వేరు ఆధారము లేదు. తిరిగి పుచ్చుకొనుటలోని కష్టమంతయు గాజులో లేదు, నమ్మకములో ఉన్నది.

కావున ఎవరి ఇంటనైనను, ముఖ్యముగా విదేశములలో ఉన్న మన వారి ఇండ్లలో, విందునకు ఇట్టి సరుకు తెప్పింపవలసి వచ్చినచో తిరుగు మాటను కొనుటకు ముందే అనుకొనవలెను. గడువు ఎంత, రసీదు కావలెనా, పెట్టె మొత్తముగానే పుచ్చుకొందురా, ఒక్కొక్క సీసాను పుచ్చుకొందురా అని అడిగి వ్రాయించుకొనవలెను. మిగులునని తోచినదానిని చీకటిలో, చల్లగా, పొడిగా ఉంచవలెను. ఖాళీ సీసాను వీధివానికి ఇచ్చునప్పుడు పైచీటీని చించి, మూతను నలిపి ఇచ్చుట మేలు. పూచీ సొమ్ము ఉన్న ఊరిలో మాత్రము చీటీతోనే అంగడికి చేర్చవలెను. ఒక్క నిమిషపు పని యది. ఆ నిమిషము వలన ముఖమెరుగని ఒకని చూపు నిలువవచ్చును; కొండదారిని పోవు ఒక మూగజీవి పాదము నొవ్వకుండవచ్చును.